పసుపుబొట్టు పెట్టిన క్రోషియా సూది

మా ఇంట్లోవాళ్లు క్రోషియా సూదితో అల్లడం ఒక్కటి తప్ప అన్ని పనులూ చేశారు. లంగాలకు నాడాలు ఎక్కించారు. గ్యాస్ పొయ్యి బర్నర్ రంధ్రాల్లో మాడిన పాలు గీకారు. పెండ్లి పత్రిక ఇవ్వడానికి నందిపేట్ నుంచి వచ్చిన ఒక చుట్టం చాయ్ చల్లారేలోపు దానితో ఫోన్‌లోంచి సిమ్ కార్డు ట్రే బయటికి లాగి, "మంచిగున్నది బావా, ఏడ దొరుకుతది?" అని అడిగాడు. అడిగేటప్పటికి సూది ఆయన చెవిలో ఉంది. అందుకని షాపు ఎక్కడో చెప్పలేదు.

అల్లేది నేను. ఈ మాట ఇంత సులువుగా బయటపెట్టడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. నలభైకి దగ్గరపడ్డ మగవాణ్ని, జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, మీసం కూడా ఉంది. సాయంత్రం నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా ఇంటి మెట్ల మీద కూర్చుని తెల్ల దారంతో టేబుల్ గుడ్డలు అల్లుతాను. మొదట్లో స్కూటర్ల మీద పోయేవాళ్లు బ్రేకు వేసి చూసేవాళ్లు. ఇప్పుడు వేయడం లేదు. గల్లీలో నాకు దక్కిన గౌరవం అదే.

ఈ అలవాటు నాకు బోధన్‌లో అంటింది. మా సందు చెరుకు ట్రాక్టర్లు పోయే దారి పక్కన ఉండేది. బాపు ఒక వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసేవాడు. విరిగిన ట్రాలీ ఇరుసులు, అరిగిన గానుగ రోలర్లు ఆయన చేతికి వచ్చి నున్నగా తిరిగిపోయేవి. అవ్వ బీడీలు చుట్టేది. మా వైపు అవ్వ అంటే కన్నతల్లి. ముందే చెప్పడం మంచిది, లేకపోతే ఆమె వయసు మీద మీరొక ఇరవై ఏళ్లు కలుపుతారు, తెలిస్తే ఆమె ఊరుకోదు.

తంబాకు ఘాటుకు నాకు దగ్గు వచ్చేది. బడి నుంచి వచ్చి గడప దాటగానే మొదలయ్యేది, అవ్వ చేట ముందునుంచి లేచేదాకా ఆగేది కాదు, అవ్వ లేచేది కాదు. చివరికి నన్ను పక్కింటి వరండాకు పంపింది. పక్కింటామె మాకు ఖాలా, ఉర్దూలో చిన్నమ్మ. ఆమె భర్త టైలరు. సాయంత్రంపూట ఆ వరండాలో సందులోని ఆడపిల్లలు వరుసగా కూర్చుని క్రోషియా నేర్చుకునేవాళ్లు. నేను వరుస చివర గోడకు ఆనుకుని ఊరికే కూర్చున్నాను. ఊరికే కూర్చున్న మనిషిని చూస్తే ఖాలాకు తల తిరిగేదట. రెండో రోజు నా చేతిలో సూది పెట్టింది. వారానికి దగ్గు పోయింది, అల్లిక పట్టుకుంది. డాక్టర్లు దీన్ని సైడ్ ఎఫెక్ట్ అంటారు.

చెంబు కింద వేసుకోవడానికి నేను గుండ్రటి గుడ్డ ఒకటి అల్లి తెచ్చిన రోజున అవ్వకు విషయం తెలిసింది. గుడ్డను తిప్పి చూసింది, బాగుందనకుండా గోడ దగ్గరికి పోయింది.

"మొగపోరన్ని పంపితె ఆడపిల్లను జేస్తున్నవ్ గదనే."

గోడ అవతల నుంచి ఖాలా, "దగ్గు తగ్గిందా లేదా, గది చెప్పు" అంది.

తగ్గింది. అందుకని అవ్వ దగ్గర జవాబు లేకపోయింది. జవాబు లేని మాటను అవ్వ మరిచిపోదు, దాచిపెడుతుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు మా ఇంట్లో నేను అల్లినవన్నీ ఎవరో ఒక ఆడమనిషి అల్లినవే అయ్యాయి. టీవీ మీది కవరు మా మేనత్త పనితనం. కుర్చీ వీపుకు వేసిన గుడ్డ ఎవరో మర్దలిది. నాకు పెండ్లయ్యాక అన్నీ ఒకేసారి మా ఆవిడ ఖాతాలో పడ్డాయి. ఆమెకు గుండీ కుట్టడం కూడా రాదు. పొగిడినవాళ్లందరికీ ఆమె పద్ధతిగా తల వంచి థాంక్స్ చెప్పేది. తర్వాత టీవీలు సన్నబడి కవరు నిలవడానికి చోటు లేకుండా పోయింది, అవ్వకు ఒక అబద్ధం తగ్గింది.

బాపు ఈ విషయంలో రెండు మాటలే మాట్లాడాడు. ఒకరోజు నా చేతిలోని సూదిని తీసుకుని, కిటికీ వెలుతురుకు ఎత్తి, కొక్కెం దగ్గర గోటితో ఒక్కసారి గీసి చూసి, "మంచి ఉక్కు" అన్నాడు. మెత్తటి ఫ్లానెల్ గుడ్డ ముక్క ఒకటి చింపి ఇచ్చాడు, తుడుచుకోమని. ఆ మాటకూ ఆ గుడ్డకూ ఎంత అర్థముందో ఆయన ఉన్నన్నాళ్లూ నేను అడగలేదు. ఆయన చెప్పేవాడు కూడా కాదు.

ఆ సూది ఖాలాది, ఒక్కరోజుకని నాకిచ్చింది. ఆమె దగ్గర ఆరు ఉక్కు సూదులుండేవి, భర్త పాత కళ్లద్దాల డబ్బాలో. లావు నుంచి సన్నానికి వరుసగా. పిల్లలకు ఇచ్చేవి వేరే, సంతలో కొన్న రేకుసూదులు, రెండు నెలలకు వంగిపోయేవి. ఆ ఆరింటినీ ఆమె ఇస్తే తప్ప ఎవరూ ముట్టకూడదు. చేతి చెమట బట్టి మనుషులు రెండు రకాలని ఖాలా లెక్క. ఉప్పు చెయ్యి ఉన్నవాళ్లు సూది పట్టుకుంటే నాలుగు రోజుల్లో మచ్చ పడుతుంది, తీపి చెయ్యి ఉన్నవాళ్లకు పడదు. నాది ఉప్పు చెయ్యి అని మొదటి ఎండాకాలమే తేల్చింది. తరువాత యూనివర్సిటీలో రెండేళ్లు చదివి నేను తెలుసుకున్నది కూడా ఇంచుమించు అదే, కాకపోతే ఇంగ్లీషులో.

అల్లిక ఆపగానే పొడిగుడ్డతో తుడవాలి, కొక్కెం గొంతులో దారం పీచు చిక్కుకుంటే ఊదకుండా దారంతోనే లాగాలి. ఊదితే నోటి తేమ దిగుతుంది. ఆడపిల్లలు సూది జారడానికి మాటిమాటికీ తలలో దువ్వుకునేవాళ్లు. ఖాలా చూస్తే స్కేలుతో వేళ్ల మీద ఒకటి పడేది. కొబ్బరినూనె బంకగా మారి దారాన్ని నల్లగా చేస్తుందట. నూనె కావాలంటే కుట్టుమిషన్ నూనె, అదీ ఒక్క చుక్క, గుడ్డకు పెట్టి ఆ గుడ్డతో తుడవడం. వానాకాలం డబ్బాలో ఒక చాక్‌పీస్ ముక్క వేసి పెట్టేది, తేమ పీల్చుకోవడానికి. నేను ఉద్యోగంలో చేరాక ఆమెకు చాక్‌పీసులు నేనే పంపేవాణ్ని. నా చదువు వల్ల లోకానికి కలిగిన లాభాల్లో నిరూపించగలిగినది అదొక్కటే.

పోయిన ఏడాది వానలు తగ్గుముఖం పడుతున్నప్పుడు ఖాలా బోధన్‌కు రమ్మని కబురు పెట్టింది. పోయాను. ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది తీయాలి, తీసినది కూడా ఆమెకు నచ్చలేదు. మనుమడి నికాహ్ కుదిరింది. వాడి కోసం తెల్ల జాలీ టోపీ ఒకటి మొదలుపెట్టి, మూడొంతులు అల్లి, ఇక కనబడక ఆపేసింది. మిగిలిన చుట్లు నన్ను పూర్తిచేయమంది. కళ్లద్దాల డబ్బా తెరిచి అన్నిటికన్నా సన్న సూది నా అరచేతిలో పెట్టింది. అదే సూదితో అల్లాలి, వేరేది వాడితే కన్ను సైజు మారి టోపీ సగం ఒకరిది సగం ఇంకొకరిది లాగా ఉంటుంది.

"ఎట్ల పోతున్నదో అట్లనే రావాలె బేటా. వస్తె డబ్బా మొత్తం నీకే."

"రాకపోతే, ఖాలా?"

"నా కోడండ్లకిస్త. నాడాలెక్కించుకుంటరు."

చాలా మంది పెద్దవాళ్లు ఇంతకన్నా మెత్తగా బెదిరిస్తారు. నేను ఆ సూదిని ఫ్లానెల్‌లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, బస్సులో నిజామాబాద్ దాకా జేబు మీద చెయ్యి తీయకుండా వచ్చాను. పక్క సీటాయన గుండెనొప్పా అని అడిగాడు.

ఇంటికి రాగానే అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఈ సూదిని ఎవరూ ముట్టకూడదు, నాడాకు గాని బర్నర్‌కు గాని. ముఖ్యంగా అవ్వకు రెండుసార్లు చెప్పాను, కొంచెం గట్టిగానే చెప్పాను. ఇది గుర్తు పెట్టుకోండి, నేను తర్వాత బాధపడ్డ చోటు ఇదే. అవ్వ చేటలో గోంగూర ఒలుస్తూ వింది.

దసరా వచ్చేనాటికి టోపీ ఇంకా నాలుగు చుట్లు మిగిలింది. నికాహ్ ఇంకో పదిహేను రోజులు. తొందరేమీ లేదనుకున్నాను.

మా ఇంట్లో దసరా పొద్దున పనిముట్ల పూజ అవ్వ చేస్తుంది. హాల్లో గోడవారగా కొత్త తువ్వాల పరిచి, దాని మీద బాపు పానాలు పెద్ద నుంచి చిన్నకు పేరుస్తుంది, పక్కన ఆయన కొలతల వర్నియర్. బాపు పోయి ఆరేళ్లయింది, పానాల వరుస మాత్రం తప్పలేదు. తర్వాత ఆమె బీడీ కత్తెర, ఆకు కొలిచే రేకు. బీడీలు మానేసి చాలా ఏళ్లయింది, అయినా ఆ కత్తెర ఇంకా కొత్తిమీర కోస్తుంది. చివరకు మా ఆవిడ లాప్‌టాప్. నాది ఎప్పుడూ ఒక ఎర్ర పెన్ను, ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకం. ఆయుధపూజలో ఎర్ర పెన్ను ఉండటం ఎంతమంది విద్యార్థులకు అన్యాయమో నేను లోలోపల అనుకునేవాణ్ని.

ఆ పొద్దున నేను తలస్నానం చేసి వచ్చేసరికి పూజ అయిపోయింది. తువ్వాల మీద చూశాను. పానాలు. వర్నియర్. వర్నియర్ పక్కన, కత్తెరకు ముందు, సరిగ్గా నడుమ, ఖాలా సూది.

పూజసామాన్లతో కలిపి చింతపండుతో తోమినట్టుంది, వెండిలా మెరుస్తోంది. దాని మీద తడి పసుపు. పసుపు మీద కుంకుమ బొట్టు. కొక్కెం కింద తడి బంతిపువ్వు ఒకటి దిండులాగా. ఎర్ర పెన్ను లేదు.

తుప్పు గురించి నేను ఏటా రెండు పీరియడ్లు చెప్తాను. ఇనుముకు నీరు కావాలి, గాలి కావాలి, కొంచెం ఆమ్లం కూడా దొరికితే పని చకచకా సాగిపోతుంది. మంచి సూదుల మీద పూత ఉంటుంది, కాని ఖాలా దానితో నలభై ఏళ్లు అల్లింది, కొక్కెం గొంతులో దారం ఒరుసుకుని పూత ఎప్పుడో పోయింది. అంటే చింతపండు పులుపు, పసుపు తేమ, బంతిపువ్వు నీళ్లు, అన్నీ చేరింది ఎక్కడైతే రక్షణ లేదో అక్కడే. బోర్డు మీద ఇంత శుభ్రంగా నేనెప్పుడూ బొమ్మ వేయలేదు.

పోయి తుడవడం అర నిమిషం పని. కాని పూజ చేసిన పనిముట్టును ఆ రోజు ఎత్తకూడదు, మర్నాడు పొద్దుటి దాకా. అది మా ఇంట్లో చట్టం. బాపు బతికున్నప్పుడు వర్క్‌షాపులో అర్జంటు పని వచ్చినా ఆ రోజు పానా పట్టలేదు. పైగా ఎత్తితే అవ్వ అడుగుతుంది. అడిగితే చెప్పాలి. ముప్పై ఏళ్ల తర్వాత ఆమె మొదటిసారి నా సూదిని బాపు పానాల పక్కన పెట్టిందని, ఆ పెట్టడం వల్లే అది పాడవుతుందని.

అవ్వ ఇత్తడి పళ్లెం పట్టుకుని వచ్చి తువ్వాల వైపు చూపు తిప్పింది. "పెట్టిన, సూసినవా?" అంది.

"సూసిన అవ్వా" అన్నాను.

"మంచిగున్నదా?"

"మస్తున్నది."

ఆమె నా మొహం చూడకుండా వంటింట్లోకి పోయింది. ఇలాంటి విషయాల్లో మా ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూడరు.

నా మొహం చూసింది మా ఆవిడ ఒక్కతే. నేను హాల్లో ఆ తువ్వాల ముందు నుంచి నాలుగోసారి పోయినప్పుడు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, "తీసి తుడుసుకోపో, నేనైతె చెప్పను" అంది. ఆఫర్ బాగుంది. తీసుకోలేదు. సాయంత్రం జమ్మికి పోయాను, అందరికీ ఆకు పెట్టాను, అలాయిబలాయి ఇచ్చాను. కౌగలించుకున్న ప్రతి మనిషి భుజం మీద నుంచి నాకు కనబడింది ఒక కొక్కెం, దాని గొంతులో మెల్లగా జరుగుతున్న రసాయన చర్య.

మర్నాడు పొద్దున అవ్వ తువ్వాల ఎత్తకముందే నేను సూది ఎత్తాను. బంతిపువ్వు దానికి అతుక్కుని వచ్చింది. పసుపు ఎండి పొరలాగా ఊడింది. కొక్కెం గొంతులో, నేను చూడకూడదనుకున్న చోట, కాఫీ పొడి చల్లినట్టు గోధుమరంగు. తెల్ల దారం ఒక మూర తీసి అల్లి చూశాను. మూడో ముడికే దారం మీద మచ్చ పడింది. నికాహ్ టోపీ తుప్పు మచ్చలతో పెట్టుకోమని పెండ్లికొడుకుతో ఎలా చెప్పాలో ఏ భాషలోనూ తోచలేదు.

బాపు పెట్టె తెరిచాను. అందులో జీరో నంబరు పాలిష్ పేపరు ఒకటుంది, వాడి వాడి బట్టలాగా మెత్తబడ్డది. సూది నడుముకు అది సరిపోయింది. గొంతులోకి మాత్రం పేపరు పోదు, పోయినా అక్కడ గట్టిగా రుద్దితే కొక్కెం సన్నబడుతుంది, సన్నబడితే ముడి జారుతుంది. అందుకని అల్లికదారం నాలుగు పోగులు పేని, కుట్టుమిషన్ నూనెలో తడిపి, సన్నటి బూడిద అద్ది, గొంతులో పెట్టి అటూఇటూ లాగాను. దారం నల్లబడితే పారేసి ఇంకోటి. రెండు రోజులు కాలేజీ నుంచి వచ్చింది మొదలు ఇదే పని. అవ్వ అటువైపు వచ్చినప్పుడల్లా అల్లుతున్నట్టు నటించాను. ముప్పై ఏళ్ల క్రితం అల్లుతూ, చదువుతున్నట్టు నటించేవాణ్ని. మనిషి ఎదుగుతాడు.

తుప్పు పోయింది. ఆవగింజలో సగమంత గుంట మాత్రం గొంతులో మిగిలింది, నల్లగా. ప్రతి పది పన్నెండు ముళ్లకు ఒకసారి దారం అక్కడ తట్టుకుంటుంది. తట్టుకున్న ప్రతిసారీ మెల్లగా వెనక్కి లాగి విడిపించుకుంటూ మిగిలిన నాలుగు చుట్లు పూర్తిచేశాను. చివరి అంచులో ఒకచోట, వెతికితే కనిపించేంత లేత పసుపు చాయ తేలింది. ఉతికినా పోలేదు. పసుపు ఇంత నమ్మకమైన రంగని మా జిల్లా రైతులు ఊరికే అనరు.

నికాహ్‌కు నాలుగు రోజుల ముందు బోధన్ పోయాను. బస్సులో మూడు అబద్ధాలు తయారు చేసుకున్నాను. వానాకాలపు గాలి, నా ఉప్పు చెయ్యి, ఎవరో ఒక చుట్టం. చుట్టం మీద పెట్టడానికే మనసు ఎక్కువ మొగ్గింది, నందిపేట్ ఆయన ముఖం పదేపదే గుర్తొచ్చింది.

ఖాలా మంచం మీద కూర్చుని ఉంది. టోపీ ముందు తీసుకుంది. కళ్లతో కాదు, బొటనవేలితో చుట్టూ తిప్పి చూసింది. ఆమె ఆపిన చోటూ నేను మొదలుపెట్టిన చోటూ ఎక్కడో ఆమె వేలికి తెలిసింది, ఒక్క క్షణం ఆగి ముందుకు పోయింది. బాగుందనే అనుకున్నాను. తర్వాత చెయ్యి చాపింది. ఫ్లానెల్ విప్పి సూది పెట్టాను. కొక్కెం గొంతును గోటి మీద ఒక్కసారి గీసింది. బాపు గీసినట్టే. గోరు తట్టుకుంది.

"తోమిండ్రు దీన్ని" అంది ఖాలా. "చింతపండుతోని."

అబద్ధాలు మూడూ బస్సులోనే ఉండిపోయాయి. జరిగింది చెప్పాను. దసరా, తువ్వాల, పసుపు, కుంకుమ, బంతిపువ్వు. నేను చూసి కూడా తీయలేదని చెప్పాను, ఎందుకు తీయలేదో చెప్పడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాను. ఆమె వస్తువును అడగకుండా మా దేవుడి ముందు పెట్టారని కోపం వస్తుందేమో అన్న భయం కూడా ఉంది, అది పైకి అనలేదు. ఖాలా సూదిని వేళ్ల మధ్య తిప్పింది.

"ఏడ పెట్టింది? సివరకా?"

"కాదు ఖాలా. నడుమల. బాపు వర్నియర్ పక్కన."

ఖాలా నవ్వింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత శబ్దం వచ్చింది, చివరకు దగ్గు వచ్చి కోడలు నీళ్లు తేవాల్సి వచ్చింది. తాను గోడ మీద నుంచి అడిగిన మాటకు ముప్పై ఏళ్ల తర్వాత జవాబు వచ్చినట్టుంది. నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, టోపీ అంచు మీది పసుపు చాయ సంగతి నేనే చెప్పేస్తే, మంజా రోజు ఎట్లాగూ పిలగానికి పసుపు పూస్తారు, టోపీకి జరంత ముందే అంటింది అని కొట్టిపారేసింది. నాకు ధైర్యం వచ్చింది. కళ్లద్దాల డబ్బా వైపు ఒకసారి చూశాను.

"షర్తు షర్తే బేటా" అంది ఖాలా. "ఎట్ల పోయిందో అట్ల రాలే. నీకు రాదు డబ్బా."

నేను తల ఊపాను. నాడాలెక్కించుకోబోయే కోడలు గ్లాసు పట్టుకుని పక్కనే ఉంది, మంచి మనిషే, నాకు ఆమె మీద అకారణంగా కోపం వచ్చింది.

ఖాలా మిగిలిన ఐదు సూదులున్న డబ్బా తీసి, చాక్‌పీస్ ముక్క ఉందో లేదో వేలితో తడిమి, మూసి, నా చేతిలో పెట్టింది.

"మీ అవ్వకియ్యి. ఆమెకు ఇస్తున్న, నీక్కాదు. ఆమె పనిముట్టును పనిముట్టులెక్క చూసింది. నువ్వు సూదిని చూడలే, అవ్వను చూసినవ్. మంచిదే. కాని సూదులు నీ చేతిల బతకయ్."

సన్న సూదిని మాత్రం విడిగా నాకే ఇచ్చింది. పాడుచేసినవాడే వాడుకోవాలని.

డబ్బా ఇంటికి తెచ్చి అవ్వ ముందు పెట్టేసరికే ఖాలా ఫోన్ చేసి మొత్తం చెప్పేసింది. అవ్వ డబ్బా తెరవలేదు. నా వైపు తిరిగింది.

"తుప్పు పడ్తదని తెల్సినంక నాకు చెప్పద్దా?"

"ఎట్ల చెప్పాలె అవ్వా. పూజల పెడ్తివి. ఎత్తొద్దంటివి."

"ఎత్తొద్దన్న. తుడువొద్దన్ననా?"

ఆమె లేచి వంటింట్లోంచి తన బీడీ కత్తెర తెచ్చి చూపించింది. ఏనాటిదో కత్తెర, ఒక్క మచ్చ లేదు. ప్రతి దసరాకూ హారతి కాగానే, ఉన్నచోటనే, ఎత్తకుండా, కొంగుతో తుడిచి నూనె చెయ్యి రాస్తుందట. బాపు పానాలకూ అంతే. ఇన్నేళ్లలో నేనది ఒక్కసారీ చూడలేదు, హారతి కాగానే నేను గారెల దగ్గరికి పోతాను.

"మరి నా సూదిని ఎందుకు తుడువలేవు?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"ముట్టొద్దని రెండుమాట్ల చెప్తివి గద. ఒక్కసారి పూజకు ముట్టిన. మల్ల ముడితె నీకు కోపమొస్తదని ఊకున్న."

మా ఆవిడ లాప్‌టాప్‌లోకి చాలా శ్రద్ధగా చూసింది. ఎమ్మెస్సీ చదివిన కొడుకూ, బీడీలు చుట్టి వాణ్ని చదివించిన తల్లీ, ఇద్దరికీ తుప్పు గురించి అంతా తెలిసి, ఒకే హాల్లో ఒక రోజంతా దాని చుట్టూ తిరిగి, ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని దాన్ని చక్కగా పట్టనిచ్చాం.

ఇప్పుడు డబ్బా అవ్వ అల్మారాలో, ఆమె కత్తెర పక్కన ఉంటుంది. నాకు సూది కావాలంటే అడగాలి. ముందు తీసుకున్నది తెచ్చిస్తేనే ఇంకోటి బయటికి వస్తుంది. ఇచ్చేముందు నా చేతులు చూస్తుంది, కడుక్కుంటే చాలదు, ఆరబెట్టుకోవాలి. తిరిగి ఇచ్చినప్పుడు గోటి మీద గీసి చూస్తుంది. ఈ గీసే పద్ధతి ఆమెకు ఎవరు నేర్పారో అడగలేదు. ఇద్దరు నేర్పగలిగినవాళ్లున్నారు, ఒకాయన్ని అడగడానికి లేదు. మొన్న ఇక్కడి పక్కింటామె వచ్చి కుర్చీ మీది గుడ్డ ఎవరల్లారని అడిగితే అవ్వ, "మావోడే, సూదులు మాత్రం నావి" అంది. అందులో రెండో ముక్క కొంచెం గట్టిగా వినిపించింది. మా ఆవిడకు థాంక్స్ చెప్పే ఉద్యోగం పోయింది.

ఈ దసరాకు తువ్వాల మీద పానాలు, వర్నియర్, కత్తెర, కొలత రేకు, నడుమ కళ్లద్దాల డబ్బా. పసుపును డబ్బా మూత మీద పెట్టింది, దాదాపు పొడి వేలితో. గుంటపడ్డ నా సన్న సూదికి మాత్రం విడిగా బొట్టు పెట్టింది, దానికి కొత్తగా పోయేదేమీ లేదని. హారతి అయింది. గారెల వాసన వచ్చింది. నేను లేవబోయాను.

"తుడువు" అంది అవ్వ.

కూర్చుని తుడిచాను, ఎత్తకుండా.